ఎడారి నుంచి మంచుకు – 57వ భాగం: సాక్ష్యం చెప్పాక మిగిలిన నొప్పి

  కొత్తగా గ్రూపులో చేరినవాళ్ల కోసం మళ్లీ చెప్తున్నాను. నేను పాస్టర్ని కాను, బైబిలు కాలేజీ గడప తొక్కలేదు. పదో తరగతి చదివి, పదకొండేళ్లు గల్ఫ్‌లో రాడ్డు వంచినవాణ్ణి. తప్పుంటే దిద్దండి.

ఈ వారం వాక్యంలోకి వెళ్లేముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రాయడానికి నాలుగు వారాలు వెనకాడాను. అందుకే మధ్యలో పాత భాగాలే మళ్లీ పంపాను, కొందరు అడిగారు కూడా, ఏమైంది అన్నా అని.

మా కూడికకు వచ్చే ఒక తమ్ముడున్నాడు. తనని అడిగి, తను రాయమన్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం చెప్పను. మాది రాజోలు వైపు, అతనిదీ ఆ పక్కే. నాలాగే ముందు గల్ఫ్, తర్వాత ఇక్కడ. కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు సర్దే పని. నలభై నిండకుండానే పెద్దపేగు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేశారు, ఆరు నెలలు కీమో ఎక్కించారు. మేమంతా వంతులు వేసుకుని అన్నం పట్టుకెళ్లాం, ఉపవాసాలున్నాం. చివరికి స్కాన్‌లో ఏమీ కనబడలేదన్నారు. ఆ రోజు మా బేస్‌మెంటులో కేకు కోసి, ఆదివారం అతని చేత సాక్ష్యం చెప్పించాం. ఆ వీడియో ఈ గ్రూపులోనే పెట్టాను. మీలో చాలామంది చూసే ఉంటారు. కింద ఆమేన్లు పెట్టారు కదా, అదే.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథ. మీకు తెలియనిది ఆ తర్వాతది.

రెండు నెలలు తిరక్కముందే అరికాళ్లలో మంటలు మొదలయ్యాయి. వేళ్ల చివర తిమ్మిరి. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు పట్టేది. చలికాలం వచ్చేసరికి కారు డోరు హ్యాండిల్ ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టుండేదట. ఇక్కడి చలి ఎలాంటిదో గల్ఫ్ వాళ్లకు ఎలా చెప్పను? డిసెంబరు, జనవరుల్లో సున్నాకి పాతిక, ముప్పై డిగ్రీలు కిందకి పోయే రోజులుంటాయి. ఆ చలిలో పొద్దున్నే బస్సు కోసం నిలబడాలి, దిగాక మళ్లీ ఆ చల్లటి గోడౌన్‌లోకే వెళ్లాలి.

అతను ముందు నాతోనే చెప్పాడు. నేనేమన్నానో వినండి. "తమ్ముడూ, దేవుడు బాగు చేశాడని నీ నోటితోనే చెప్పావు. అదే నోటితో మళ్లీ నొప్పి అనకు. అది అపవాది పెట్టే అనుమానం." అని, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపేశాను. చాలా బాగా మాట్లాడాననుకున్నాను కూడా.

ఇంకా ఉంది. చెకప్‌కి వెళ్లేటప్పుడు ఇంగ్లీషు కోసం నన్ను తోడు తీసుకెళ్లేవాడు. ఆసుపత్రిలో నర్సమ్మ ఒక కాగితం ఇస్తుంది. తొమ్మిది సంగతులు, ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా అంకెలు. నొప్పి, అలసట, మగత, వికారం, ఆకలి లేకపోవడం, ఆయాసం, దిగులు, ఆందోళన, మొత్తం మీద ఎలా ఉన్నాను అన్నది. సున్నా అంటే ఏ బాధా లేదు, పది అంటే ఇంతకు మించి ఉండదు. ఈ పద్ధతి పుట్టింది మా అల్బర్టాలోనే, ఎడ్మంటన్‌లో. డాక్టర్ ఎడ్వర్డో బ్రూయెరా గారు, ఆయన తోటివాళ్లు 1991లో తయారుచేశారు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. ఆ కాగితం నా చేతిలో పెట్టి నింపమన్నారు. నొప్పి ఎంత అని అడిగితే అతను ఒక్క క్షణం నా మొహం చూసి "రెండు వెయ్యి అన్నా" అన్నాడు. రెండు వేశాను. దిగులు, ఆందోళన అన్న రెండు గీతలకూ అతన్ని అడగనే లేదు. విశ్వాసి కదా, దిగులేంటని నేనే సున్నాలు చుట్టేశాను.

ఆ రెండు సున్నాలు చుట్టింది ఈ చెయ్యేనండి.

జనవరిలో ఒక రాత్రి రెండింటికి నీళ్లు తాగుదామని లేచాను. అప్పటికి అతను మా బేస్‌మెంటులోనే ఉంటున్నాడు. వంటగదిలో లైటు వేసి ఉంది. ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని, కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నాడు, చప్పుడు రాకుండా నోట్లో తువ్వాలు కుక్కుకుని. ఎన్నాళ్ల నుంచి ఇలా అంటే, రోజూ అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదురా అంటే అతనన్న మాట ఇది: "నేను సాక్ష్యం చెప్పేశాను కదన్నా. ఇప్పుడు నొప్పి అంటే దేవుడు అబద్ధమాడినట్టు అవుతుంది కదా."

నాకు నోట మాట రాలేదు. అతనికి ఆ మాట నేర్పింది దేవుడు కాదు, నేను.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. బైబిలూ చదివాను, డాక్టర్లు రాసిన వాటిలో నాకు అర్థమైనంతా చదివాను, అర్థంకానిది ఆసుపత్రిలో అడిగాను. తెలుసుకున్నది మీకు చెప్తాను.

మొదటి సంగతి. అతని కాళ్ల మంట ఊహ కాదు, అపవాది అంతకంటే కాదు. పేగు క్యాన్సర్‌కి ఇచ్చే మందుల్లో ఆక్సాలిప్లాటిన్ అని ఒకటుంది. అది క్యాన్సర్ కణాలతోపాటు చేతివేళ్ల, కాలివేళ్ల నరాల చివర్లని కూడా దెబ్బతీస్తుంది. చల్లటిది తగిలితే జివ్వుమనడం ఆ మందుకి బాగా తెలిసిన గుణం. ఇంకో విచిత్రం, మందు ఆపేశాక కూడా కొన్ని నెలలపాటు ఆ తిమ్మిరి పెరగొచ్చట. కొందరికి నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. అంటే జబ్బు పోయిందన్న మాట నిజమే, నొప్పి ఉందన్న మాటా నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధమై తీరాలని మనకెవరు చెప్పారు?

రెండో సంగతి కొంచెం కష్టం. దీనికి నా చెయ్యే చూపిస్తాను. గల్ఫ్‌లో రాడ్డు కోసే మిషన్‌లో నా ఎడమ చేతి రెండు వేళ్లు సగానికి పోయాయి. కంపెనీ సంగతి వదిలేయండి, పాత కథ. కానీ లేని ఆ వేళ్ల చివర ఇప్పటికీ నాకు నొప్పి పుడుతుంది. లేని వేలు ఎలా నొస్తుంది? ఎవరికైనా చెప్తే నవ్వుతారని చాలా ఏళ్లు చెప్పలేదు. ఒకటి మాత్రం గమనించాను. చిట్టీ డబ్బు కట్టాల్సిన వారం, ఇంటి నుంచి ఏదో ఫోన్ వచ్చిన రాత్రి, ఆ లేని వేళ్లు మరీ సలుపుతాయి. మా ఆవిడతో పిల్లల కబుర్లు చెప్పుకున్న రాత్రి అంత ఉండదు.

దీని గురించి ఆలోచించిన పెద్దమనిషి ఈ దేశంలోనే ఉండేవారు. మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ అని. 1965లో ఆయన, ఇంగ్లండ్‌కి చెందిన పాట్రిక్ వాల్ గారు కలిసి ఒక మాట చెప్పారు. దెబ్బ తగిలిన చోటు నుంచి నొప్పి కబురు నేరుగా తలలోకి వెళ్లిపోదు, వెన్నుపాములో ఒక తలుపులాంటిది ఉంటుంది, అది తెరిచి ఉంటే కబురు ఎక్కువ వెళ్తుంది, మూసుకుంటే తక్కువ వెళ్తుంది అని. కోనసీమ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కాలవలో నీళ్లు ఎన్నైనా ఉండనీ, మన చేలోకి ఎంత వస్తుందన్నది తూము తలుపు ఎంత లేపారన్న దాని మీద ఉంటుంది. మోకాలికి దెబ్బ తగిలితే అమ్మ ఎందుకు రుద్దేది? ఆ రుద్దడం తలుపుని కాస్త కిందకి దించుతుంది. భయం, ఒంటరితనం, నిద్రలేమి, దిగులు ఇవి తలుపుని పైకి లేపుతాయి. తలలో నుంచి కిందకి వచ్చే కబుర్లు కూడా ఆ తలుపుని కదుపుతాయి. తర్వాత పరిశోధనలో కొన్ని వివరాలు మారాయి గానీ ముఖ్యమైన మాట నిలబడింది. మెల్జాక్ గారు తర్వాతి కాలంలో లేని అవయవాల నొప్పి గురించీ చాలా రాశారు. నొప్పి తయారవడంలో మెదడుకి పెద్ద పాత్ర ఉంది, అలాగని అది అబద్ధపు నొప్పి కాదు. ఆ మాట చదివినప్పుడు నా రెండు వేళ్ల కోసం కూడా ఎవరో ప్రార్థన చేసినట్టనిపించింది.

ఇక్కడ జాగ్రత్త. నేను చెప్పినదాన్ని తిరగేసి, "చూశావా, నీ మనసే కారణం, మనసు గట్టి చేసుకో" అని ఎవరికైనా చెప్పారంటే నేను చేసిన తప్పే మీరూ చేసినట్టు. కాలవలో నీళ్లు లేకపోతే తూము లేపినా చేలోకి చుక్క రాదు. నీళ్లున్నాయి. మందు నరాన్ని దెబ్బతీసింది. దాని మీద ఇంకేవేం కలిశాయన్నదే మన ప్రశ్న.

అతని విషయంలో ఏం కలిశాయో ఇప్పుడు నాకు తెలుసు. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు. సెలవు పెడితే వర్క్ పర్మిట్‌కి ఏమవుతుందోనని భయం. కీమో గదిలో పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన చనిపోయాడు, నేనెందుకు మిగిలాను అన్న ప్రశ్న. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మతో "బంగారంలా ఉన్నానమ్మా" అనడం. ఇవన్నీ అయ్యాక రాత్రి, అందరూ గురకలు పెడుతుంటే, పాదాల మంట. అప్పుడు ఆలోచన ఒకటే చోట తిరుగుతుంది. ఇది ఎప్పటికీ తగ్గదు, ఇంకా పెద్దదేదో అవుతుంది, నా వల్ల ఏమీ కాదు. హాలిఫాక్స్‌లో డల్హౌసీ విశ్వవిద్యాలయంలో మైకేల్ సల్లివన్ గారు, తోటివాళ్లు 1995లో సరిగ్గా ఈ మూడు రకాల ఆలోచనలనీ కొలవడానికి పదమూడు వాక్యాల కాగితం తయారుచేశారు. ఆ ఆలోచనల్లో ఎక్కువగా చిక్కుకున్నవాళ్లకు నొప్పి ఎక్కువగా తెలుస్తుందని చాలా జబ్బుల్లో చూశారు. ఆ కొలతకు పెట్టిన ఇంగ్లీషు పేరు నాకు నచ్చలేదు, నువ్వే గోరంత కొండంత చేస్తున్నావని తిట్టినట్టుంటుంది. కానీ విషయం మాత్రం నిజం. ఆ మూడు ఆలోచనలూ ఒంటరిగా ఉన్నవాడి దగ్గరే బలుస్తాయి.

ఇంకోటి, మళ్లీ వస్తుందేమోనన్న భయం. క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లలో ఇది చాలా మామూలు. తలనొప్పి వస్తే అదేనేమో, దగ్గు వస్తే అదేనేమో. స్కాన్ తేదీ దగ్గరపడితే అన్నం సయించదు. క్యుబెక్‌లోని లావాల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ఒక్క భయాన్ని కొలవడానికే 42 ప్రశ్నల పట్టిక చేసి 2009లో ప్రచురించారు. 42 ప్రశ్నలు! మనం ఒక్కటి కూడా అడగలేదు ఆ తమ్ముణ్ణి.

ఇప్పుడు వాక్యానికి వద్దాం.

యోబు గ్రంథం రెండో అధ్యాయం చివర చూడండి. ఆయన ముగ్గురు స్నేహితులు దూరం నుంచి వచ్చారు. ఆయన్ని గుర్తుపట్టలేక ఏడ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయనతోపాటు నేల మీద కూర్చున్నారు, ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకంటే ఆయన బాధ ఎంత పెద్దదో చూశారు. ఆ ఏడు రోజులూ వాళ్లంత మంచి స్నేహితులు లేరు. ఎనిమిదో రోజు నుంచి నోళ్లు తెరిచారు. నీలో ఏదో పాపం ఉంది, ఒప్పేసుకో, నిర్దోషికి ఇలా జరగదు అని మొదలుపెట్టి అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడారు. మధ్యలో యోబు ఏం చేశాడు? అరిచాడు. పుట్టిన రోజుని తిట్టుకున్నాడు. దేవుణ్ణే నిలదీశాడు. నేనైతే ఆ కూడికలో ఉండి ఉంటే మైకు లాక్కునేవాణ్ణి. కానీ పుస్తకం చివర దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి సరిగా మాట్లాడలేదని వాళ్లతో అన్నాడు. ఇది ఎన్నిసార్లు చదివానో! ఒక్కసారి కూడా ఆ ముగ్గురిలో నా మొహం చూసుకోలేదు.

అపొస్తలుడైన పౌలు దగ్గరికి రండి. రెండో కొరింథీ పత్రిక పన్నెండో అధ్యాయం. ఆయన శరీరంలో ఒక ముల్లు ఉంది. అదేంటో ఆయన చెప్పలేదు. తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసెయ్యలేదు, కృప ఇచ్చాడు. ఇక్కడిదాకా మనం ప్రసంగాల్లో చెప్తూనే ఉంటాం. నేను గమనించని సంగతి ఒకటుంది. పౌలు దాన్ని సంఘానికి ఉత్తరంలో రాశాడు. రోగుల్ని బాగుచేసిన మనిషి, నాకు బాగవలేదని బాహాటంగా రాశాడు. ఆ ఉత్తరం చదివి కొరింథులో ఎవరైనా, అయ్యో ఇప్పుడు దేవుడు అబద్ధికుడైపోయాడే అనుకున్నారా?

ఇంకా పెద్ద మాట. మన ప్రభువు మూడో రోజున లేచాక తోమాకి ఏం చూపించాడు? చేతుల్లో మేకుల గుర్తులు, పక్కలో గాయం. మరణాన్ని గెలిచిన శరీరానికి కూడా గాయం గుర్తులున్నాయి. వాటిని దాచుకుని, నాకేం కాలేదు అనలేదు. ఇదిగో, చెయ్యి పెట్టి చూడు అన్నాడు. మరి మన తమ్ముడు సాక్ష్యం చెప్పిన మూడో నెలలో పాదాలు మండుతున్నాయని చెప్తే మనమెందుకు కంగారుపడ్డాం?

ఈ దేశంలో ఏటా సెప్టెంబరులో టెర్రీ ఫాక్స్ పరుగు జరుగుతుంది, మీ పిల్లలు బళ్లో పరిగెత్తే ఉంటారు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడి కాలు తీసేశారు ఆ అబ్బాయికి. 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్‌లో మొదలుపెట్టి, కట్టుడు కాలితో రోజూ దాదాపు ఒక మారథాన్ దూరం పరిగెత్తాడు, క్యాన్సర్ పరిశోధనకి డబ్బు కోసం. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. అందరం ఆ పరుగునే చెప్పుకుంటాం. నేను ఇప్పుడు సెప్టెంబరు 1నే తలుచుకుంటున్నాను. థండర్ బే దగ్గర గుండెల్లో నొప్పి, ఊపిరి ఆడలేదు. ఆగాడు. ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకుని చెప్పాడు. మరుసటి ఏడాది జూన్ 28న, ఇరవై మూడో పుట్టినరోజుకి నెల ముందు కన్నుమూశాడు. నొప్పి అని చెప్పి ఆగినందుకు ఈ దేశంలో ఎవరూ ఆ పిల్లాణ్ణి తక్కువ చేయలేదు.

ఇక మేం ఏం చేశామో చెప్తాను.

ఆ జనవరి రాత్రి తర్వాత వారంలోనే అపాయింట్‌మెంటు పెట్టించాం. ఈసారి నేను అనువాదం చెయ్యనన్నాను. ఆసుపత్రివాళ్లని అడిగితే ఫోన్‌లో తెలుగు మనిషిని ఏర్పాటు చేశారు, డబ్బు అడగలేదు. మీరూ ముందే అడగండి, అపాయింట్‌మెంటు రోజు కాదు, ముందే. ఇంట్లోవాళ్ల చేత, పాస్టర్ల చేత, నాలాంటివాళ్ల చేత చెప్పించకండి. మా ముందు మీరు నిజం చెప్పలేరు.

మాటలు కూడా ముందే రాసుకున్నాం. మెల్జాక్ గారే 1975లో రోగులు వాడే నొప్పి మాటలన్నీ పోగేసి, 78 మాటలతో ఒక పట్టిక చేశారు, ఎలాంటి నొప్పో తెలిస్తే వైద్యం తెలుస్తుందని. మనకేం తక్కువ? మంట, పోటు, సలపరం, తిమ్మిరి, తీపు, గుంజడం, లాగడం, పీకడం, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కొరికేసినట్టు. నడుం పట్టేసినప్పుడు మా అమ్మ ఇన్ని మాటలూ వాడేసేది. ఒక్క 'పెయిన్' అని ఊరుకోకుండా ఆ తమ్ముడు "రాత్రి మంట, పొద్దున్న తిమ్మిరి, చల్లటిది ముడితే జివ్వుమంటుంది" అన్నాడు. అవతల తెలుగు ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ తల ఊపి, ఇది నాకు తెలుసు అన్నట్టు రాసుకుంది. కాగితం మీద నొప్పికి ఏడు వేశాడు. దిగులుకి ఎనిమిది. నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను.

డ్యులాక్సెటిన్ అనే మాత్ర ఇచ్చారు. ఫోన్‌లో వెతికితే అది దిగులుకిచ్చే మాత్ర అని వచ్చింది. గదిలో ఒకడు "పిచ్చి మాత్రరా" అన్నాడు. మళ్లీ ఫోన్ చేసి అడిగాం. నొప్పి కబుర్ని కిందకి తొక్కిపెట్టే నరాల దారిలో కూడా అది పనిచేస్తుందని, కీమో వల్ల వచ్చే నరాల నొప్పికి దాన్నే వాడతారని చెప్పారు. ఇది చదివి ఎవరూ మెడికల్ షాపులో కొనుక్కుని మింగకండి, దానికి వేరే మందులతో తగువులున్నాయి. ఇంకో మాట, కొత్త చోట నొప్పి వచ్చినా, ఉన్న నొప్పి పెరిగినా, అదంతా మనసే అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. డాక్టరు చూడాలి.

మాటలాడే మనిషిని కూడా చూపించారు. మనసు సంగతులు వినేవాళ్లు క్యాన్సర్ ఆసుపత్రిలోనే ఉంటారని మాకు తెలియదు. జ్వరం, నాడి, శ్వాస, రక్తపోటు, నొప్పి చూసినట్టే మనసు బాధని కూడా ఆరో గుర్తుగా చూడాలని కెనడా క్యాన్సర్ పెద్దలు 2004లోనే నిర్ణయించారు. దాని కోసం బాగా పోరాడిన బ్యారీ బుల్ట్జ్ గారు మా కాల్గరీ మనిషే. ఇదే ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉన్నదాన్ని వెతకడానికి నాకు ఇంత కాలం పట్టింది. అక్కడున్న సోషల్ వర్కరమ్మ ఇ.ఐ. జబ్బు భత్యం గురించి చెప్పింది. కావలసినన్ని గంటలు పనిచేసినవాళ్లకు 15 వారాలుండేదాన్ని 2022 డిసెంబరులో 26 వారాలు చేశారట. ఆ మాట విన్న రోజు రాత్రి అతను ఐదు గంటలు ఏకధాటిగా పడుకున్నాడు. మాత్ర ఇంకా పనిచెయ్యడం కూడా మొదలవ్వలేదు!

మాంట్రియల్‌లో బాల్ఫోర్ మౌంట్ అని ఒక సర్జన్ ఉండేవారు, ఆయనే కుర్రతనంలో క్యాన్సర్ దాటినవాడు. 1975లో రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో బాధ తగ్గించే వైద్యానికి ఒక వార్డు తెరిచారు. ఆయన నేర్చుకున్నది లండన్‌లో సిసిలీ సాండర్స్ అమ్మగారి దగ్గర. ఆమె మంచి విశ్వాసి. శరీరం నొప్పి, మనసు నొప్పి, ఇంటి బాధలు, ఆత్మలో ప్రశ్నలు, నాలుగూ కలిసి ఒకే నొప్పిగా ఉంటాయని, ఒక్కదానికే మందిస్తే చాలదని ఆమె చెప్పేది. ఇంటి దగ్గర మనవాళ్లకైతే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలా నొప్పికి విడిగా వైద్యం చేసే విభాగం ఉంది. అమ్మకో నాన్నకో అవసరమైతే అడిగించండి, నొప్పిని ఓర్చుకోమని చెప్పకండి.

ఒకవేళ ఇది చదివేవాళ్లలో ఎవరికైనా రాత్రిపూట బతుకు వద్దనిపిస్తుంటే, కెనడాలో ఉంటే 9-8-8 నొక్కండి. 2023 నవంబరు 30 నుంచి పగలూ రాత్రీ ఉంది. నాకు మెసేజ్ పెట్టినా సరే. నేను ప్రసంగం చెయ్యను, మాట ఇస్తున్నాను.

అతని అమ్మగారికి కూడా చెప్పించాం. ఇన్నాళ్లూ ఆవిడ, కొడుకు బంగారంలా ఉన్నాడని ఊరంతా మిఠాయి పంచింది. నిజం విని కాసేపు ఏడ్చి, తర్వాత "ఆముదం కాచి రాసుకోరా, నేను పంపిస్తాను" అంది. కొరియర్‌లో ఆముదం ఎలా వస్తుందమ్మా అని నవ్వాడు. చాలా నెలల తర్వాత అతను నవ్వడం అదే. ఇప్పుడు రోజూ ఫోన్‌లో ఆవిడ "పాదాలెలా ఉన్నాయి" అని అడుగుతుంది, అతను ఎంతుంటే అంత చెప్తాడు. కోల్డ్ స్టోరేజీలో కూడా అడిగితే, డాక్టరు ఉత్తరం చూసి బయట కాగితాల పని ఇచ్చారు. మా కూడికలో ఒక అక్క లోపల ఉన్ని ఉన్న చేతొడుగులు కొనిపెట్టింది. నేను పొద్దున్నే కారులో బస్టాపు దాటించి పని దగ్గర దించుతున్నాను. దారిలో పెద్దగా మాట్లాడుకోం. యోబు స్నేహితుల మొదటి ఏడు రోజులు అభ్యాసం చేస్తున్నాను అని చెప్తే అతనే నవ్వుతాడు.

నొప్పి పోయిందా అని అడుగుతారు. పోలేదు. కాగితం మీద ఏడు నుంచి నాలుగుకి వచ్చింది, చలి ఎక్కువైన రోజు ఐదు. దిగులు మూడు. వచ్చే గురువారం మళ్లీ స్కాన్, అందుకని ఈ వారం ఆందోళన గీత మీద ఎనిమిది వేశాడు. మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి. స్కాన్ కోసమూ, ఆ ఎనిమిది కోసమూ.

పోయిన ఆదివారం కూడికలో, నేను చెప్పమనకుండానే, అతను సాక్ష్యం చెప్తానని లేచాడు. ఈసారి వీడియో తియ్యలేదు. దేవుడు క్యాన్సర్ నుంచి నన్ను కాపాడాడు, నా పాదాలు మండుతున్నాయి, రెండూ మీకు చెప్పాలని నిలబడ్డాను అన్నాడు. సగంలో నిలబడలేకపోయాడు. వెనక నుంచి ఎవరో కుర్చీ అందించారు. కూర్చుని మిగతాది చెప్పాడు.

మీ సహోదరుడు,
కాల్గరీ